చలికాలపు కాల్చికం: ఒక పువ్వును గుర్తించిన చరిత్ర

మన ప్రాంతంలో చలికాలమే పూల కాలం. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద గుమ్మడిపూలు, పెరట్లో బంతులు, వాకిట చేమంతులు మనకు ఏటేటా కనిపించేవే. అందువల్ల చలికాలంలో పూచే మొక్క అంటే మనకు ఆశ్చర్యం కలగదు. కాని నేల గడ్డకట్టి, చెట్లన్నీ మోడులై నిలిచే మధ్య ఐరోపాలో సంగతి వేరు. అక్కడ హంగరీ దేశపు దక్షిణ భాగాన సార్‌షోమ్యో అనే సున్నపురాతి గుట్ట ఒకటి ఉన్నది. దాని ఎత్తు 442 మీటర్లు. జనవరి నెలాఖరు నాటికి, ఇంకా మంచు పూర్తిగా పోకముందే, ఆ గుట్ట దక్షిణపు వాలు మీద రాళ్ల సందుల నుంచి తెలుపు, లేత గులాబి రంగుల చిన్న పువ్వులు నేలను అంటిపెట్టుకొని విచ్చుకుంటవి. ఆ దేశంలో ఈ పువ్వు సహజంగా పెరిగే చోటు అదొక్కటే. దీని శాస్త్రీయ నామం కాల్చికం హంగారికం. 1992 నుంచి 2008 వరకు చలామణిలో ఉన్న హంగరీ రెండు ఫోరింట్ల నాణెం మీద దీని బొమ్మ ఉండేది.

కాల్చికం అనగానే వైద్యులకు కాల్చిసిన్ అనే మందు, తోటమాలులకు శరత్కాలంలో ఆకు లేకుండా పూచే పువ్వు గుర్తుకు వస్తవి. చలికాలంలోను, మంచు కరిగే వేళలోను, ఆకులతో కలిసి పూచే జాతులు కూడా ఈ ప్రజాతిలోనివే అని తేలడానికి చాలా కాలం పట్టింది. వీటిని ఒకప్పుడు ఒక ప్రజాతిలోను, మరొకప్పుడు వేరొక ప్రజాతిలోను పెట్టి, చివరకు ఒకచోట చేర్చే సరికి రెండున్నర శతాబ్దాలు గడిచినవి. ఇది పేర్లు పెట్టేవారి తగవు మాత్రమే అనుకోరాదు. ఈ మొక్కలో ఆకు, పువ్వు, గింజ, దుంప అన్నీ విషమే. దీన్ని సరిగా గుర్తించడం మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నవి.

విషాన్ని బట్టి వచ్చిన పేరు

నల్లసముద్రానికి తూర్పున, నేటి జార్జియా దేశపు పశ్చిమ భాగాన్ని ప్రాచీన గ్రీకులు కోల్కిస్ అని పిలిచేవారు. బంగారు ఉన్నిని వెదుకుతూ జేసన్ అనే వీరుడు ఓడ మీద పోయినది అక్కడికేనని గ్రీకు పురాణం. మందులు, విషాలు ఎరిగిన మెడియా ఆ దేశపు రాజకుమార్తె. ఆ దేశం పేరు మీదుగా ఈ మొక్కకు కోల్కికాన్ అని పేరు వచ్చింది. దాని లాటిన్ రూపమే కాల్చికం. తిన్నవాడిని ఒక్క దినంలో చంపుతుందన్న భావంతో గ్రీకులు దీన్ని ఎఫెమెరాన్ అని కూడా అన్నారు.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో డయాస్కొరిడిస్ అనే వైద్యుడు తన ఓషధుల గ్రంథంలో ఈ మొక్కను వర్ణించాడు. శరత్కాలం చివర కుంకుమపువ్వును పోలిన తెల్లని పువ్వు వస్తుందనీ, ఆకులు తరువాత వస్తవనీ, దుంప పైపొర ఎరుపు కలిసిన నలుపు రంగులో ఉంటుందనీ, లోపల తెల్లగా మెత్తగా తీయగా ఉంటుందనీ చెప్పాడు. తింటే విషపు పుట్టగొడుగుల వలె ఊపిరాడకుండా చేసి చంపుతుందన్నాడు. ఇది మందుగా వాడమని వ్రాసినది కాదు. తెలియనివారు రుచికి మోసపోయి, తినే గడ్డ అనుకొని తినకుండా ఉండాలనే దీన్ని వర్ణిస్తున్నట్లు ఆయనే చెప్పుకొన్నాడు. అంటే కాల్చికం గురించి మనకు దక్కిన తొలి వర్ణనలలో ఒకటి, ప్రాణరక్షణ కోసం వ్రాసిన గుర్తుల పట్టిక అన్నమాట.

ఆ పట్టిక చాలా జాగ్రత్తగా వ్రాసినదే. కాని అది శరత్కాలంలో పూచే జాతిని మాత్రమే చూసి వ్రాసినది. ఆకు లేని పువ్వు, పువ్వు లేని ఆకు అనే ఈ లక్షణమే కాల్చికానికి గుర్తు అన్న అభిప్రాయం పండితులలో స్థిరపడిపోయింది. చలికాలపు జాతులు చాలాకాలం మరుగున పడిపోవడానికి ఇదొక కారణం.

తండ్రికంటె ముందు పుట్టిన కొడుకు

శరత్కాలపు కాల్చికం జీవితక్రమం చూడనివారికి వింతగానే ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పచ్చికబీడులో ఆకు జాడ లేకుండా పువ్వు లేస్తుంది. పువ్వుకు కాడ అని మనం అనుకొనేది నిజానికి కాడ కాదు, పరిపత్రపు గొట్టం. అండాశయం భూమి లోపలనే, దుంప ప్రక్కన దాగి ఉంటుంది. పరాగసంపర్కం జరిగిన తరువాత అండాశయం చలికాలమంతా మట్టిలో భద్రంగా ఉండి, వసంతంలో ఆకులతో కలిసి గుళికగా పైకి వస్తుంది. వేసవి ఆరంభంలో గింజలు రాలి, ఆకులు ఎండిపోతవి. వసంతంలో కాయను, శరత్తులో పువ్వును చూసిన పాతకాలపు మూలికావేత్తలు, ఈ మొక్కకు కాయ ముందు, పువ్వు వెనుక అని భ్రమపడి, లాటిన్ భాషలో "తండ్రికంటె ముందు పుట్టిన కొడుకు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

భూమిలోని గడ్డ విషయం కూడా తెలుసుకోవలె. ఉల్లిగడ్డను కోస్తే పొరలు పొరలుగా వస్తుంది, అది లశునం. కాల్చికం గడ్డ మన చేమదుంప వలె లోపల నిండుగా ఉంటుంది, ఇది కందం. ప్రతి సంవత్సరం పాత కందం తన ఆహారాన్నంతా పువ్వుకు, ఆకుకు ఇచ్చి క్షీణిస్తుంది. దాని అడుగున ప్రక్కగా కొత్త కందం తయారవుతుంది. అందుచేత తోటమాలి సంవత్సరం తరువాత త్రవ్వి తీసే గడ్డ నాటిన గడ్డ కాదు, దాని సంతానం.

ఇక చలికాలపు జాతుల సంగతి. ఇవి ఆకును, పువ్వును ఒకేసారి పైకి పంపుతవి. ఎత్తైన కొండల మీద మంచు కరగడానికి, వేసవి ఎండ నేలను మాడ్చడానికి మధ్య దొరికే వ్యవధి చాలా తక్కువ. ఆ కొద్ది వారాలలోనే పూయాలి, ఆకు పెరగాలి, గింజ పండాలి, కొత్త కందం నిండాలి. ఎడారి అంచున పెరిగే జాతులకు చలికాలపు వాన ఇటువంటి స్వల్పావకాశమే. శరత్కాలపు జాతి పనిని రెండు విడతలుగా చేస్తే, ఇవి ఒకే విడతలో ముగిస్తవి. నేల అడుగున అండాశయం, కందం నిర్మాణం మాత్రం రెంటిలోను ఒకే రీతిగా ఉన్నవి. చుట్టరికాన్ని తెలిపే గుర్తు మట్టి లోపల ఉండగా, శాస్త్రజ్ఞులు చాలాకాలం మట్టి పైనే చూశారు.

కుంకుమపువ్వుతో పోలిక

ఐరోపాలో చలికాలం చివర పూచే చిన్న పూలలో క్రోకస్ ముఖ్యమైనది. మనం వాడే కుంకుమపువ్వు ఈ క్రోకస్ ప్రజాతిలోనిదే. కాల్చికం, క్రోకస్ రెండూ నేల నుంచి నేరుగా గిన్నె ఆకారపు పువ్వును లేపుతవి, రెంటికీ ఆరు రేకులు, రెంటి అండాశయం నేలలోనే ఉంటుంది. అందుచేతనే శరత్కాలపు కాల్చికానికి ఇంగ్లీషులో "పచ్చికబీటి కుంకుమపువ్వు" అని అర్థమిచ్చే పేరు ఉన్నది. ఒకటి వంటకు వాడే సుగంధద్రవ్యం, రెండవది ప్రాణాంతక విషం.

తేడాను పట్టడానికి భూతద్దం అక్కరలేదు. పువ్వును విప్పి కేసరాలు లెక్కించవలె. క్రోకస్‌కు మూడు, కాల్చికానికి ఆరు. క్రోకస్‌లో ఒకే కీలం పైన మూడుగా చీలి ఉంటుంది. సాధారణంగా కాల్చికంలో మూడు కీలాలు మొదటి నుంచి విడివిడిగా ఉంటవి. క్రోకస్ ఆకు సన్నని గడ్డిపోచలా ఉండి మధ్యలో తెల్లని గీత కలిగి ఉంటుంది. కాల్చికం ఆకుకు ఆ గీత లేదు. క్రోకస్ కందం అడుగు చదునుగా, చుట్టూ సమంగా ఉంటుంది. కాల్చికం కందం ఒక ప్రక్కకు ఒరిగి, అడుగున పాదం వంటి కొన కలిగి, తోలు వంటి గోధుమరంగు పొర కప్పుకొని ఉంటుంది. అండాశయం క్రోకస్‌లో నిమ్నం, కాల్చికంలో ఊర్ధ్వం. అందువల్ల ఈ రెండూ వేరు వేరు కుటుంబాలకు చెందినవి. క్రోకస్‌ది ఇరిడేసి. కాల్చికాన్ని పూర్వం లిలియేసి కుటుంబంలో చేర్చేవారు. నేడు కాల్చికేసి అనే ప్రత్యేక కుటుంబంగా గుర్తిస్తున్నారు.

మూడు ప్రజాతులు, ఒక మొక్క

1753లో లిన్నేయస్ తన ప్రసిద్ధ గ్రంథంలో కాల్చికం ప్రజాతి క్రింద మూడు జాతులను మాత్రమే పేర్కొన్నాడు. ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలలో మంచు కరిగే వేళ ఆకులతో కలిసి పూచే ఊదారంగు మొక్క ఒకటి ఉన్నది. దానికి ఆయన బల్బొకోడియం వెర్నం అని వేరే ప్రజాతి నామం ఇచ్చాడు. దీని రేకులు గొట్టంగా అతుక్కోక అడుగుదాకా విడిగా ఉండడమూ, కీలం ఒక్కటై పైన చీలడమూ అందుకు ఆధారాలు. 1800 ప్రాంతంలో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు రామోం మరికొన్నిటికి మెరెండెరా అనే మూడవ ప్రజాతిని ఏర్పరచాడు. వీటి రేకులు విడిగా ఉన్నవి, కీలాలు మూడు. ఈ పేరు స్పెయిన్ దేశపు పల్లె మాట నుంచి వచ్చింది. ఆ పువ్వు పూచిందంటే పగలు పొట్టివవుతున్నవనీ, పొలంలో సాయంకాలపు చిరుతిండికి ఇక వ్యవధి ఉండదనీ గుర్తు. అందుచేత అక్కడివారు దాన్ని చిరుతిండిని హరించేది అన్న అర్థంతో పిలిచేవారు.

ఈ విధంగా గొట్టం ఉన్నది ఒకటి, గొట్టం లేనిది ఒకటి, కీలం కలిసినది ఒకటిగా మూడు ప్రజాతులు పాఠ్యగ్రంథాలలో నిలిచిపోయినవి. ఇంగ్లండులో కెర్ గాలర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1807లోనే బల్బొకోడియాన్ని కాల్చికంలో చేర్చి కొత్త పేరు ప్రకటించాడు. దాన్ని అప్పుడు ఎక్కువమంది అంగీకరించలేదు. 1926లో బల్గేరియా దేశస్థుడు స్టెఫానోఫ్ కాల్చికం ప్రజాతి గురించి సమగ్ర గ్రంథం వెలువరించాడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో కరిన్ పెర్సన్ అనే శాస్త్రజ్ఞురాలు అనేక సంవత్సరాలు ఈ మొక్కలను పరిశీలించి, 2007లో మెరెండెరా, బల్బొకోడియం జాతులను కాల్చికంలోనే చేర్చి నామావళిని సవరించింది. ఆ కాలంలోనే డి.ఎన్.ఎ. పరిశీలనలు కూడా ఈ మొక్కలు ఒకే వంశంలోనివని చూపినవి. రేకులు అతుక్కోవడం, విడిపోవడం అనేది ఈ వంశంలో పలుమార్లు మారిన లక్షణమే గాని, వంశాన్ని విడదీసే గోడ కాదని తేలింది. కెర్ గాలర్ మాట నిలబడడానికి సరిగ్గా రెండువందల సంవత్సరాలు పట్టింది.

కొండలు, ఎడారులు, సేకర్తలు

ఒక్కొక్క చలికాలపు జాతి వెనుక ఒక్కొక్క ప్రయాణం ఉన్నది. జోసెఫ్ రిచీ అనే ఆంగ్ల యాత్రికుడు ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలి నుంచి బయలుదేరి సహారా లోపలికి పోతూ 1819లో ఫెజాన్ ప్రాంతంలో జబ్బుపడి మరణించాడు. ఆయన స్మారకంగా రాబర్ట్ బ్రౌన్ 1826లో ఒక జాతికి కాల్చికం రిచియై అని పేరు పెట్టాడు. లిబియా నుంచి ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాల వరకు ఎడారి నేలల్లో చలికాలపు వానలు పడగానే ఇది తెలుపు, గులాబి రంగులలో గుత్తులుగా పూస్తుంది. దీనికి మంచుతో పని లేదు. చలికాలపు కాల్చికం అంటే మంచులో పూచేదే అనుకొనేవారికి ఇది ఒక సవరణ.

కాకసస్, పర్షియా ప్రాంతాల్లో మొక్కలు సేకరించిన సోవిత్స్ పేర ఒక జాతి వెలసింది. మంచు కరిగిన తడినేలల్లో పూచే కాల్చికం సోవిట్సియై అది. మధ్య ఆసియా కొండల్లో తెల్లని రేకుల మీద ఊదారంగు చారలు గల కాల్చికం కెసెల్రింగియై కనబడింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ వృక్షోద్యానపు అధిపతి రెగెల్ దానికి పేరు పెట్టాడు. హంగరీ గుట్ట మీది పువ్వును 1867లో విక్టర్ యాంకా కనుగొన్నాడు. అది బాల్కన్ దేశాల్లో దక్షిణాన గ్రీసు వరకు వ్యాపించి ఉన్నదని తరువాత తెలిసింది.

మన దేశానికి సంబంధించిన జాతి కాల్చికం లూటియం. కాశ్మీరు నుంచి ఆఫ్ఘనిస్తాన్ మీదుగా మధ్య ఆసియా వరకు కొండవాలుల మీద, మంచు కరిగే అంచున ఇది పూస్తుంది. 1874లో క్యూ ఉద్యానానికి చెందిన బేకర్ దీన్ని వర్ణించాడు. కాల్చికం జాతులన్నిటిలో పచ్చని పసుపు రంగు గలది ఇదొక్కటే. రంగు చూసి దీన్ని పసుపు క్రోకస్ అని పొరపడినవారు ఉన్నారు. వారు కేసరాలు లెక్కించి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

గుర్తించడంలోని కష్టం

క్రోకస్ నుంచి కాల్చికాన్ని వేరుచేయడం తేలికే. ఒక చలికాలపు కాల్చికాన్ని మరొకదాని నుంచి వేరుచేయడం కష్టం. పువ్వు రంగు నమ్మదగినది కాదు, ఒకే గుట్ట మీద తెల్లనివి, గులాబివి కలిసి ఉంటవి. ఆకుల పొడవు అంతకంటె నమ్మరానిది. పూచే వేళ మూడు నాలుగు అంగుళాలు లేని ఆకు, గింజ పండే వేళకు అనేక రెట్లు పెరుగుతుంది. ఎండబెట్టి కాగితానికి అంటించిన నమూనాలో పువ్వు నలిగిపోతుంది, కేసరాల రంగు పోతుంది. సేకర్త త్వరలో ఉంటే కందాన్ని త్రవ్వి తీయడు. అందువల్ల ఒకే మొక్కకు పది పేర్లు వచ్చినవి. స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా నుంచి టర్కీ, క్రిమియా వరకు కనబడే కాల్చికం ట్రైఫిల్లం దీనికి మంచి ఉదాహరణ. ట్రైఫిల్లం అంటే మూడాకులది. ఇదే మొక్కకు టర్కీలో ఆంకారా పట్టణం పేర ఇంకొక పేరు పుట్టింది.

అనుభవజ్ఞులు చూసే గుర్తులు ఇవి. ఆకులు ఎన్ని? హంగారికానికి సాధారణంగా రెండు, ట్రైఫిల్లానికి మూడు. ఆకు అంచున, పైభాగాన నూగు ఉన్నదా? హంగారికంలో అంచుల వెంట నూగు ఉంటుంది. పుప్పొడి రాలకముందు పరాగకోశాల రంగు ఏమిటి? హంగారికంలో అవి ముదురు ఊదా నుంచి నలుపు వరకు ఉండి, లేతరంగు రేకుల మధ్య స్పష్టంగా కనబడతవి. కేసరం మొదట్లో రేకు మీద అంచులు చీలిన చిన్న గట్లు ఉన్నవా? ఉంటే రిచియైని అనుమానించవచ్చును. వీటన్నిటినీ ఒకే రోజున చూడడం సాధ్యం కాదు. పువ్వు వేళ ఒకసారి, కాయ వేళ ఒకసారి, నిద్రావస్థలో కందాన్ని ఒకసారి చూడవలె. ఆ విధంగా చూడడానికి మొక్కను పెంచక తప్పదు. కాల్చికం విషయంలో వర్గీకరణ శాస్త్రం, తోటపని చేయి చేయి కలిపి నడవడానికి కారణం ఇదే. ఇంగ్లండులో బౌల్స్ అనే ఉద్యానప్రియుడు లండన్ సమీపంలోని తన తోటలో ఏళ్ల తరబడి పెంచి చూసిన అనుభవంతోనే 1924లో క్రోకస్, కాల్చికం మొక్కల మీద చేతిపుస్తకం వ్రాశాడు. వృక్షశాస్త్రజ్ఞులు సైతం దాన్ని ఆదరించారు.

పెంచడంలో నేర్చిన పాఠాలు

శరత్కాలపు కందాన్ని మట్టి, నీరు లేకుండా కిటికీ అంచున పెట్టినా పూస్తుంది. అందులో నిలువ ఉన్న ఆహారమే పువ్వుకు సరిపోతుంది. చలికాలపు జాతులతో ఈ తమాషా సాగదు. ఇవి ఆకును, పువ్వును కలిపి పంపుతవి గనుక, వేళ్లు ముందే నేలలో నాటుకొని పని మొదలుపెట్టి ఉండవలె. అందుచేత వేసవి చివర, కందం మేల్కొనక ముందే నాటుతారు.

వీటికి ముఖ్యంగా కావలసినవి మూడు: నీరు నిలువని నేల, చలికాలంలో నిండు వెలుతురు, వేసవిలో పొడి విశ్రాంతి. కొండవాలుల నుంచి వచ్చిన మొక్కకు ఎరువు కంటె గులకరాయి ఇసుకే మేలు చేస్తుంది. హంగారికం బయట రాళ్ల తోటలో ఎండ తగిలే చోట బ్రతుకుతుంది. దానిలో వెలెబిట్ స్టార్ అనే రకం తోటలలో పేరు పొందింది. లూటియం, కెసెల్రింగియై వంటివి వేసవి వానకు తట్టుకోలేవు. వాటిని కుండీలలో పెట్టి, వేడి చేయని గాజుగదిలో ఉంచుతారు. గదిని వెచ్చగా ఉంచితే ఆకులు సాగి వాలిపోతవి. పువ్వు మీద నీరు నిలిస్తే బూజు పడుతుంది. నత్తలు ఒక్క రాత్రిలో మొగ్గలను తినివేస్తవి. పువ్వులు పోయిన తరువాత ఆకులు అందవిహీనంగా ఉన్నవని కోసివేయడం పెద్ద తప్పు. కొత్త కందానికి ఆహారం సమకూర్చేది ఆ ఆకులే.

గింజ నుంచి పెంచేవారికి ఓర్పు కావలె. గింజకు అంటి ఉండే కండగల చిన్న భాగం కోసం చీమలు గింజలను మోసుకుపోతవి. ప్రకృతిలో మొక్క వ్యాపించే మార్గాలలో అదొకటి. మొలకెత్తిన గింజ పూలు పూయడానికి నాలుగైదు సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. కొండ మీద ఒక గడ్డను త్రవ్వి అమ్మేవాడు క్షణంలో తీసుకొనేది, ప్రకృతి అన్ని సంవత్సరాలు కూడబెట్టినది. సార్‌షోమ్యో గుట్ట 1944 నుంచి రక్షిత ప్రదేశం. ఆ గుట్ట ఒక భాగాన్ని సున్నపురాయి గని తొలిచివేసింది. నాణెం మీద ముద్రించుకొన్న పువ్వుకు నిలువనీడ ఆ మిగిలిన వాలే.

సీసాలోని రహస్యం

ఈ మొక్కను గుర్తించే పని వృక్షశాస్త్రానికే పరిమితం కాలేదు. మందుల కొట్టులోను అదే సమస్య వచ్చింది. ఆరవ శతాబ్దంలో ట్రాలెస్ పట్టణపు అలెగ్జాండర్ అనే వైద్యుడు కీళ్లు వాచి భరింపరాని నొప్పి పెట్టే గౌట్ వ్యాధికి హెర్మొడాక్టిల్ అనే దుంపను వాడాడు. ఆ దుంప ఏ మొక్కదో తరువాతివారు మరచిపోయారు. 1763లో వియన్నాలో స్టోర్క్ అనే వైద్యుడు కాల్చికాన్ని తనమీద తాను ప్రయోగించుకొని, కొద్ది మోతాదులో మందుగా వాడవచ్చునని వ్రాశాడు. ఆ తరువాత ఫ్రాన్సులో హుస్సాన్ అనే సైనికాధికారి ఒక ద్రావకాన్ని రహస్య ఔషధంగా అమ్మి చాలా ధనం గడించాడు. గౌట్ రోగులు ఎగబడి కొన్నారు. అందులో ఏమున్నదో ఎవరికీ తెలియదు. 1814లో లండన్ వైద్యుడు జాన్ వాంట్, అలెగ్జాండర్ చెప్పిన పాత దుంపను గుర్తుచేసుకొని, సీసాలోని రహస్యం కాల్చికమేనని ప్రకటించాడు.

1820లో పెలెతియే, కావెంటూ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞులు కాల్చికం నుంచి ఒక ఆల్కలాయిడును వేరుచేశారు. కాని అది వేరొక మొక్కలోని వెరాట్రిన్ అని పొరపడ్డారు. 1833లో జర్మనీకి చెందిన గైగర్ అది వేరు పదార్థమని చూపి కాల్చిసిన్ అని పేరు పెట్టాడు. మొక్క విషయంలో జరిగిన పొరపాటే, మొక్కలోని పదార్థం విషయంలో కూడా జరిగిందన్నమాట.

1934 ప్రాంతంలో బ్రసెల్స్‌లో డుస్టిన్ బృందం కాల్చిసిన్ కణవిభజనను మధ్యలో ఆపివేస్తుందని గమనించింది. 1937లో అమెరికాలో బ్లేక్స్‌లీ, ఏవరీ అనేవారు ఉమ్మెత్త మొక్కకు దీన్ని వాడి క్రోమోసోముల సంఖ్యను రెట్టింపు చేశారు. జపానులో కిహారా గింజలు లేని పుచ్చకాయను సృష్టించడానికి ఈ పద్ధతే తోడ్పడింది. 1967, 68 సంవత్సరాలలో బోరిసీ, టేలర్ మొదలైనవారు కాల్చిసిన్ కణంలో ఏ ప్రోటీనుకు అంటుకుంటుందో పరిశీలించి, కణవిభజన కండెను నిర్మించే ట్యూబ్యులిన్‌ను గుర్తించారు. కాల్చికం మొక్క మాత్రం తన విషానికి తాను లొంగదు. 2023లో అమెరికా ప్రభుత్వం గుండెపోటు ముప్పును తగ్గించడానికి స్వల్ప మోతాదు కాల్చిసిన్‌ను అనుమతించింది. మందుకు, మరణానికి మధ్య దూరం ఈ పదార్థంలో చాలా తక్కువ అన్నది ఇంతవరకు మారలేదు. నేటికీ దీనికి వాడుకలో ఉన్న ప్రత్యేకమైన విరుగుడు లేదు.

మధ్య ఐరోపాలో వసంతకాలంలో అడవివెల్లుల్లి ఆకులను కోసుకొని వండుకొనే అలవాటు ఉన్నది. ఆ సమయంలో శరత్కాలపు కాల్చికానికి పువ్వు ఉండదు, ఆకు మాత్రమే ఉంటుంది. వాసన చూస్తే చాలునని కొందరు అనుకుంటారు. కాని నాలుగు వెల్లుల్లి ఆకులు కోసిన చేతికి ఆ తరువాత ఏ ఆకు పట్టినా వెల్లుల్లి వాసనే వస్తుంది. ఈ పొరపాటు వల్ల మన కాలంలో కూడా మరణాలు సంభవించినవి. డయాస్కొరిడిస్ చేసిన హెచ్చరికకు రెండువేల ఏండ్లు నిండుతున్నా పని తీరలేదు.

మన అడవినాభి

మన మైదానాలలో కాల్చికం పెరగదు. దానికి కావలసిన చలి ఇక్కడ లేదు. కాని యునానీ వైద్యులు వాడే సురంజాన్ కాల్చికపు కందమే. చేదు సురంజాన్ కాశ్మీరపు లూటియం నుంచి వచ్చేది, తీపి సురంజాన్ పర్షియా నుంచి దిగుమతి అయ్యేది. ఎండిన గడ్డలు రెండూ చూపుకు ఒకే తీరుగా ఉండి, గుణంలో వేరు కావడం చేత మందుల బజారులో ఇక్కట్లు తప్పలేదు. గడ్డలు విచక్షణ లేకుండా త్రవ్వడం వల్ల హిమాలయాలలో లూటియం తగ్గిపోయింది.

కాల్చికేసి కుటుంబంలో మనకు బాగా పరిచయమైన మొక్క వేరే ఉన్నది. అది అడవినాభి. వానాకాలంలో కంచెల మీద ప్రాకుతూ, ఆకు కొననే నులితీగగా చేసుకొని, మంటల వలె పైకి లేచిన ఎరుపు పసుపు రేకులతో పూస్తుంది. అగ్నిశిఖ అని కూడా దీనికి పేరు. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. ఇది తమిళనాడు రాష్ట్రపుష్పం. దీనిలో కూడా కాల్చిసిన్ ఉన్నదని 1915లో రసాయనశాస్త్రజ్ఞులు తెలిపారు. తమిళనాడులో రైతులు గింజల కోసం దీన్ని పొలాలలో పెంచుతున్నారు. ఇక్కడ పేరు వల్ల ఇంకొక ప్రమాదం ఉన్నది. నాభి అని మనం ఊరక అంటే హిమాలయాల నుంచి వచ్చే వత్సనాభి. అది వేరే కుటుంబానికి చెందిన మొక్క, దాని విషం వేరు, పనిచేసే తీరు వేరు. పేరు ఒకటైనంత మాత్రాన మొక్క ఒకటి కాదు.

ఉపాధ్యాయులు ఈ మొక్కను విద్యార్థులకు చూపించదలిస్తే, దుంపను గాని గింజను గాని నోటికి తగలనీయకుండా జాగ్రత్త చెప్పి, పువ్వును విప్పి కేసరాలు లెక్కించమనవలె. ఆరు ఉంటవి. హంగరీ గుట్ట మీద జనవరి మంచులో విచ్చుకొనే చిన్న పువ్వులోను ఆరే. ఆకారంలో, రంగులో, రుతువులో ఎంతో దూరమైన ఈ రెండు పువ్వులూ దగ్గరి బంధువులు. కాశ్మీరపు కొండ మీద పూచే పసుపు కాల్చికం, ఆ ప్రక్క లోయలోని కుంకుమపువ్వు చూడడానికి అక్కచెల్లెళ్ల వలె ఉన్నా బంధువులు కావు. కనబడే పోలిక వేరు, నిజమైన చుట్టరికం వేరు. ఆ భేదాన్ని తెలుసుకోవడానికి పండితులకు రెండువేల సంవత్సరాలు పట్టింది. విద్యార్థికి ఒక్క పువ్వు, కొంచెం ఓపిక ఉంటే చాలును.